అధికారి మీద వ్యక్తిగతంగా కేసు ఎప్పుడు నిలుస్తుంది? ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు తెలుగువారికి దశలవారీ మార్గదర్శి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం నుంచీ, అటు సిరోంచ, బల్లార్‌పూర్, ధర్మాబాద్ నుంచీ పదే పదే వచ్చే ప్రశ్న ఇది: “ప్రభుత్వం మీద కాదు, ఆ అధికారి మీదే కేసు వేయాలి. వేయవచ్చా?” వేయవచ్చు. నిలుస్తుందా లేదా అన్నదే అసలు సంగతి.

రాజ్యాంగ హక్కును కాలరాసిన అధికారి సొంత డబ్బుతో పరిహారం కట్టాలని చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. ఉన్న దారులు చెదురుమదురుగా ఉన్నాయి: హైకోర్టులో రిట్ (హక్కు కాపాడమని నేరుగా వేసే పిటిషన్), జిల్లాలో సివిల్ దావా, క్రిమినల్ ఫిర్యాదు, కోర్టు ధిక్కారం, కొన్ని చట్టాల్లోని జరిమానాలు. వీటిలో చాలావాటిలో భారం అధికారి జేబు దాకా వెళ్లాలంటే ఒక విషయం రుజువు చేయాలి. తప్పని తెలిసీ చేశాడని, లేదా తనకు ఆ అధికారం లేదని తెలిసీ చేశాడని. కోర్టుకు వెళ్లకముందు మీరు పుట్టించే కాగితాల మీదే ఆ రుజువు ఆధారపడుతుంది. కాబట్టి ఇక్కడ ఎక్కువ చోటు వాటికే.

1. జరిగింది ఏ రకమో ముందు తేల్చుకోండి

కోపంలో ఉన్నప్పుడు అన్నీ రాజ్యాంగ ఉల్లంఘనల్లాగే కనిపిస్తాయి. చట్టం మాత్రం నాలుగు రకాలుగా చూస్తుంది.

తప్పుడు నిర్ణయం: నోటీసు ఇచ్చారు, మీ మాట విన్నారు, చివరికి మీకు వ్యతిరేకంగా రాశారు. ఒడిశాలో 1972 నాటి భూ ఆక్రమణల నిరోధక చట్టం కింద తహసీల్దార్ ఇచ్చే ఉత్తర్వులు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1956 నాటి 2వ రెగ్యులేషన్ కింద గిరిజన భూమి విషయంలో వచ్చే ఉత్తర్వులు ఎక్కువగా ఈ కోవలోకే వస్తాయి. వీటికి మందు అప్పీలు. అధికారిని పేరు పెట్టి లాగితే కేసు బలహీనపడుతుంది.

పద్ధతి తప్పిన చర్య: నోటీసు లేదు, విచారణ లేదు, నేరుగా చేసేశారు. దీనికి రిట్ వేయాలి. పరిహారం వస్తే సాధారణంగా ప్రభుత్వమే కడుతుంది.

కక్షతోనో, అధికారం దాటో చేసిన పని: లంచం ఇవ్వలేదని నిర్బంధించడం, ఫిర్యాదు చేశారని ఇల్లు కూల్చడం, స్టేషనులో కొట్టడం. వ్యక్తిగత బాధ్యత అసలు మొదలయ్యేది ఇక్కడే.

కోర్టు ఉత్తర్వును తెలిసీ మీరడం: అధికారిని వ్యక్తిగతంగా నిలబెట్టడానికి అన్నిటికన్నా సూటి దారి ఇదే. దీని గురించి ఆరో అంశంలో.

విధాన లోపాలను ఈ లెక్కలో కలపకండి. తెలుగు మాధ్యమ పాఠశాలకు ఉపాధ్యాయులు లేరనుకోండి. మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి చెప్పే 350ఎ అధికరణం చూపి ప్రభుత్వం మీద రిట్ వేయవచ్చు. జిల్లా విద్యాధికారి సొంత ఆస్తి మీద పడటం మాత్రం కాలయాపన.

కొందరి మీద ఈ దారి దాదాపు మూసుకుపోయి ఉంటుంది. రాష్ట్రపతికి, గవర్నర్లకు 361వ అధికరణం రక్షణ ఇస్తుంది. న్యాయ విధుల్లో చేసిన పనులకు న్యాయమూర్తులకు 1850, 1985 నాటి చట్టాల రక్షణ ఉంది.

2. డబ్బు ఎవరు కడతారో ముందే తెలుసుకోండి

ఒడిశాలోనే పుట్టిన తీర్పు ఒకటి ఈ విషయానికి మూలం. 1987 డిసెంబరులో సుందర్‌గఢ్ జిల్లాలో పోలీసులు తీసుకెళ్లిన సుమన్ బెహెరా అనే యువకుడి మృతదేహం మరుసటి రోజు రైలు పట్టాల మీద దొరికింది. తల్లి నీలాబతి బెహెరా రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు రిట్‌గా తీసుకుని, 1993లో లక్షన్నర రూపాయల పరిహారం ఇప్పించింది. ప్రాథమిక హక్కు ఉల్లంఘన జరిగినప్పుడు, సార్వభౌమాధికారంతో చేసిన పని కాబట్టి బాధ్యత లేదని ప్రభుత్వం తప్పించుకోలేదని ఆ తీర్పు స్పష్టం చేసింది. కట్టింది మాత్రం రాష్ట్రమే.

తరువాత చాలా తీర్పులు ఇదే తోవలో నడిచాయి: ముందు ప్రభుత్వం కట్టాలి, ఆపైన తప్పు చేసినవారి నుంచి రాబట్టుకోవాలి. 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో, బాధ్యులైన అధికారులను గుర్తించి వారి నుంచే వసూలు చేయాలని సుప్రీంకోర్టు అంది. 2012లో, ఛత్తీస్‌గఢ్‌లో కస్టడీలో ఒక వైద్యుడిని అవమానించిన కేసులో 5 లక్షలు ఇప్పించి, ఆ మొత్తాన్ని సంబంధిత అధికారుల నుంచి రాబట్టుకునే వెసులుబాటు రాష్ట్రానికి ఇచ్చింది.

వ్యతిరేక ఉదాహరణ కూడా తెలిసి ఉండాలి. పెట్రోలు బంకుల కేటాయింపు కేసులో 1996లో ఒక కేంద్ర మంత్రి సొంతంగా 50 లక్షలు కట్టాలని అదే కోర్టు ఆదేశించింది. 1999లో ఆ ఆదేశాన్ని తనే వెనక్కి తీసుకుంది. పెద్ద మొత్తం పేరు చూసి ఆశ పెంచుకోవద్దు.

కాబట్టి మీ పిటిషన్‌లో అడగాల్సింది రెండు భాగాలు: పరిహారం ప్రభుత్వం చెల్లించాలి, విచారణ జరిపి ఆ మొత్తాన్ని ఫలానా అధికారి జీతం నుంచి రాబట్టాలి. ఇలా అడిగితే మీకు డబ్బు ఆగదు, ఆయన బాధ్యతా తప్పదు.

3. గడువులు: మొదటి రోజే గోడ క్యాలెండరు మీద రాయండి

కేసులు ఓడిపోయేది వాదన లేక కాదు, గడువు దాటి.

- అక్రమ నిర్బంధానికి పరిహార దావా: నిర్బంధం ముగిసిన రోజు నుంచి ఏడాది.
- దురుద్దేశంతో పెట్టిన తప్పుడు కేసుకు దావా: నిర్దోషిగా బయటపడిన నాటి నుంచి ఏడాది.
- ఏదైనా చట్టం కింద చేశామని చెప్పే పనికి పరిహార దావా: ఏడాది.
- మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు: ఘటన జరిగిన ఏడాదిలోపు.
- కోర్టు ధిక్కారం: ఏడాదిలోపు.
- అక్రమ నిర్బంధం వంటి, ఏడాది వరకే శిక్ష పడే నేరాల మీద ఫిర్యాదు: ఏడాది.
- రిట్: అంకె లేదు, కానీ ఆలస్యానికి కారణం చెప్పాలి.

మహారాష్ట్రలో ఉన్నవారికి అదనపు హెచ్చరిక. పోలీసు విధి పేరుతో జరిగిన పనుల మీద దావాకూ, ప్రాసిక్యూషన్‌కూ మహారాష్ట్ర పోలీసు చట్టం 161వ సెక్షన్ ఆరు నెలల గడువు పెడుతుంది. కొట్టడం విధి కిందికి రాదని వకీలు వాదించవచ్చు. ఆ వాదన మీద భారం వేసి కూర్చోవద్దు, ఆరు నెలలనే మీ గడువుగా పెట్టుకోండి.

4. ‘నాకు తెలియదు’ అనే వీలు లేకుండా చేయండి

అధికారి రేపు కోర్టులో చెప్పే మొదటి మాట, సదుద్దేశంతో విధి నిర్వర్తించానని. ఆ మాటను ముందే కట్టడి చేసేది ఆయన చేతికి అందిన మీ అర్జీ.

పని ఇంకా జరగకపోతే, జరగబోతోందని తెలిసిన రోజే రాయండి. ఏ చట్టం, ఏ ఉత్తర్వు కింద చేస్తున్నారో అడగండి. మీ దగ్గరున్న పత్రాల నకళ్లు జతచేయండి. చేస్తే ఏ నిబంధనకు విరుద్ధమో ఒక్క వాక్యంలో చెప్పండి. తిట్లు వద్దు, బెదిరింపులు వద్దు.

అర్జీ తెలుగులో రాయవచ్చా? రాయవచ్చు. కేంద్రంలో గానీ, రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదు ఇచ్చుకునే హక్కు 350వ అధికరణం ఇస్తుంది. అయినా పనికొచ్చే సలహా చెబుతాను: తెలుగు ప్రతితో పాటు ఒడియా లేదా మరాఠీ, కుదిరితే ఇంగ్లిషు ప్రతి కూడా ఇవ్వండి. చదవలేకపోయానని చెప్పే అవకాశం మనం ఎందుకు ఇవ్వాలి?

అందజేసే పద్ధతి:

- కార్యాలయంలో ఇచ్చి రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, సంతకం తీసుకోండి.
- ముద్ర వేయకపోతే గొడవ పడకుండా, అందినట్టు రుజువు తిరిగొచ్చే ఏర్పాటుతో స్పీడ్ పోస్టులో పంపండి.
- అదే రోజు కార్యాలయ ఈమెయిలుకు కూడా పంపండి.
- పై అధికారికి నకలు పంపండి. ఒడిశాలో కలెక్టరు, ఎస్పీ కలిసి ప్రజల ఫిర్యాదులు వినే గ్రీవెన్స్‌లో, మహారాష్ట్రలో అదే పనికి నెల మొదటి సోమవారం జరిగే లోక్‌షాహీ దిన్‌లో ఇస్తే నమోదు సంఖ్య దొరుకుతుంది.

అరెస్టు అయితే

సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఇది అన్నిటికన్నా పదునైన చోటు. అరెస్టు కారణాలు చెప్పాలని 22వ అధికరణం చెబుతుంది. 2025 నవంబరులో మిహిర్ రాజేశ్ షా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది: ఏ నేరమైనా సరే, కారణాలు రాతపూర్వకంగా, అరెస్టయిన వ్యక్తికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. వెంటనే వీలుకాకపోతే మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ అరెస్టు, రిమాండు చట్టవిరుద్ధమవుతాయి. ఒడియా చదవడం రాని గుణుపురం తెలుగు కూలీ చేత ఒడియా కాగితం మీద సంతకం పెట్టించి సరిపెట్టడం కుదరదు.

బంధువులు వెంటనే చేయాల్సినవి:

- అరెస్టయిన సమయం, స్థలం, తీసుకెళ్లినవారి పేర్లు, వాహనం నంబరు రాసుకోండి.
- తెలుగులో కారణాలు ఇవ్వాలని స్టేషను అధికారికి, ఎస్పీకి రాసి పంపండి. ఒడిశాలో స్టేషను బాధ్యుడిని ఐఐసీ అంటారు.
- ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి. దాటితే ఆ గంటల లెక్క విడిగా రాసుకోండి.
- కొట్టి ఉంటే మొదటి హాజరులోనే మేజిస్ట్రేటుకు నోటితో చెప్పమనండి, వైద్య పరీక్ష అడగమనండి. అప్పుడు చెప్పనిది తరువాత చెబితే ‘కల్పితం’ అంటారు.
- సీసీ కెమెరా దృశ్యాలు చెరపకుండా భద్రపరచాలని రాయండి. స్టేషన్లలో దృశ్యాలను 18 నెలలు ఉంచాలని 2020లో పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇల్లు, దుకాణం కూల్చివేత అయితే

2024 నవంబరు 13 నాటి సుప్రీంకోర్టు ఆదేశాలు వ్యక్తిగత బాధ్యతను నేరుగా రాశాయి. 15 రోజుల ముందు నోటీసు, సొంతంగా మాట చెప్పుకునే అవకాశం, కారణాలతో ఉత్తర్వు, కూల్చివేతకు వీడియో తప్పనిసరి. వీటిని మీరితే అధికారి సొంత ఖర్చుతో కట్టడాన్ని తిరిగి నిలబెట్టాలి, నష్టపరిహారం దానికి అదనం.

మినహాయింపు మరచిపోకండి. రోడ్డు, ఫుట్‌పాత్ వంటి బహిరంగ స్థలాలు, రైలు మార్గం పక్క, నది, చెరువుల్లోని అనధికార కట్టడాలకు, కోర్టే కూల్చమన్న వాటికి ఈ ఆదేశాలు వర్తించవు. రైల్వే స్థలంలో బడ్డీ పెట్టుకున్నవారు దీని మీద ఆశ పెట్టుకుంటే నిరాశే.

5. సాక్ష్యాన్ని చెడగొట్టకుండా దాచండి

ఫోనులో తీసిన వీడియో వాట్సాప్‌లో పది మందికి తిరిగాక బలం తగ్గుతుంది. అసలు ఫైలు ఉన్న ఫోనును అమ్మవద్దు, రీసెట్ చేయవద్దు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాల్సి ఉంటుంది. దాంట్లో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, కంప్యూటరు లెక్కగట్టే గుర్తు) కూడా రాయాలి. వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోనే పట్టుకెళ్లండి.

గాయాలుంటే ప్రభుత్వాసుపత్రిలోనే చూపించుకోండి. ఎలా తగిలాయో వైద్యుడికి చెప్పింది చీటీలో రాశారా లేదా చూడండి.

సమాచార హక్కు దరఖాస్తు వేసి ఉత్తర్వుల నకళ్లు, ఫైలు మీద రాసిన నోట్సు, ఆ రోజు విధుల్లో ఉన్నవారి వివరాలు అడగండి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి, మిగతావి 30 రోజుల్లో. ఒడిశాలో నిర్ణీత ‘ఫారం ఎ’ లోనే రాయండి. సమాచారం ఇవ్వకపోతే రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా పడేది ఆ అధికారికే. వ్యక్తిగత బాధ్యతకు ఇంత తేలికైన మెట్టు మరొకటి లేదు.

ఫైలు నోట్సు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. కింది ఉద్యోగి ‘నోటీసు ఇవ్వలేదు’ అని రాసినా పై అధికారి ‘చేయండి’ అని సంతకం పెట్టాడంటే, తెలిసి చేశాడనడానికి ఆ ఒక్క పేజీ చాలు.

6. దారి ఎంచుకోండి

రిట్: హక్కు ఉల్లంఘన స్పష్టంగా, కాగితాల మీదే కనిపిస్తుంటే. సాక్షులను విచారించాల్సినంత వివాదం ఉంటే హైకోర్టు సివిల్ కోర్టుకు పొమ్మంటుంది.

సివిల్ దావా: నష్టం లెక్క చూపించి, సాక్షులతో కక్షను రుజువు చేయాలనుకుంటే. నిదానం, కానీ అధికారి మీద వ్యక్తిగత డిక్రీ రావడానికి సరైన చోటు.

క్రిమినల్ ఫిర్యాదు: ఎఫ్ఐఆర్ తీసుకోకపోతే ఎస్పీకి, అక్కడా కాకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటుకు. విధి నిర్వహణలో చేసిన పని అయితే మేజిస్ట్రేటు మొదట పై అధికారి నుంచి నివేదిక తెప్పించుకుంటాడు, అధికారి వాదనా చూస్తాడు. విచారణకు తీసుకోవడానికి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 218వ సెక్షన్ కింద ప్రభుత్వ అనుమతి కావాల్సి రావచ్చు. అనుమతి అడిగాక 120 రోజుల్లో నిర్ణయం రాకపోతే ఇచ్చినట్టే లెక్క. ఈ అనుమతి క్రిమినల్ కేసులకే. సివిల్ దావాకు అక్కర్లేదు.

కోర్టు ధిక్కారం: ముందు హైకోర్టు నుంచి స్టే (చర్యను ఆపే ఉత్తర్వు) తెచ్చుకుని, ధ్రువీకరించిన నకలు అధికారికి చేర్చి, అందినట్టు రుజువు దాచుకోండి. ఆ తరువాత కూడా చేస్తే అది ఇక ప్రభుత్వ వ్యవహారం కాదు, ఆయన సొంత వ్యవహారం. ఆంధ్రప్రదేశ్‌లో హైకోర్టు ఉత్తర్వు ఉండగా గుడిసెలు కూల్పించిన తహసీల్దార్ తరువాత డిప్యూటీ కలెక్టర్ అయ్యాడు. 2025 మేలో సుప్రీంకోర్టు ఆయన హోదాను తిరిగి తహసీల్దార్‌కు తగ్గించి లక్ష రూపాయల జరిమానా వేసింది. నన్నడిగితే, జరగబోయే నష్టం కళ్లెదుట ఉన్నప్పుడు మొదట చేయాల్సింది స్టే కోసం పరుగు. పరిహారం సంగతి తరువాత.

మానవ హక్కుల కమిషన్ సిఫారసు మాత్రమే చేయగలదు. అయినా అది తెప్పించే నివేదికలు మీ కేసుకు సరుకు.

7. సెక్షన్ 80 నోటీసు

ప్రభుత్వం మీద గానీ, అధికార హోదాలో చేసిన పనికి అధికారి మీద గానీ దావా వేసేముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. రిట్‌కు ఇది అక్కర్లేదు. నోటీసు కాలం గడువు లెక్కలోంచి మినహాయిస్తారు. అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే దావా వేయవచ్చు.

కక్షతో చేసింది విధి కాదు కాబట్టి నోటీసు ఎందుకని కొందరంటారు. ఇచ్చేయండి. నోటీసు ఇచ్చినందువల్ల ఓడిన కేసు లేదు.

నోటీసులో ఉండాల్సినవి:

- మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు, నివాసం.
- జరిగిందేమిటి, తేదీలతో.
- ఎంత పరిహారం, ఏ ఉపశమనం.
- ప్రభుత్వానికి: కార్యదర్శి లేదా జిల్లా కలెక్టరు కార్యాలయంలో. అధికారికి: ఆయనకు లేదా ఆయన కార్యాలయంలో, విడి ప్రతి.

దావా పత్రంలో ‘నోటీసు అందజేశాం’ అన్న వాక్యం తప్పక ఉండాలి.

8. పేరు పెట్టడం: ఎక్కువ కేసులు జారే మెట్టు

‘తహసీల్దార్, ఫలానా తహసీల్’ అని హోదా రాస్తే మీరు కుర్చీ మీద కేసు వేశారు. కక్ష ఆరోపిస్తే ఆ వ్యక్తిని పేరుతోనే ప్రతివాదిగా చేర్చాలని సుప్రీంకోర్టు స్థిరంగా చెబుతోంది. కాబట్టి రెండుసార్లు చేర్చండి: ఒకసారి హోదాతో, ఒకసారి పేరుతో ‘వ్యక్తిగత హోదాలో’ అని. బదిలీ అయినా, రిటైరైనా పేరు పేరే.

కక్ష కట్టాడని రాస్తే సరిపోదు. ఏ రోజు ఏమన్నాడు, ఎవరు విన్నారు, అంతకుముందు ఏ తగాదా ఉంది, మీతో పాటు అదే పరిస్థితిలో ఉన్న ఎవరిని వదిలేశాడు, అన్నీ విడివిడి పేరాల్లో రావాలి. పై అధికారిని, కేవలం పై అధికారి కాబట్టి, వ్యక్తిగతంగా చేర్చకండి. ఆయన ఆదేశించాడనో, తెలిసీ ఆపలేదనో చూపగలిగితేనే చేర్చండి.

9. ఏ కోర్టుకు వెళ్లాలి

కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, గజపతి, గంజాం వారికి హైకోర్టు కటక్‌లో. కొన్ని జిల్లా కేంద్రాల్లో 2023 నుంచి వర్చువల్ హైకోర్టు కేంద్రాలున్నాయి. కటక్ దాకా రైలెక్కేముందు మీ జిల్లా న్యాయస్థానంలో కనుక్కోండి.

గడ్చిరోలి, చంద్రపూర్, యవత్మాల్ వారికి బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం. నాందేడ్ జిల్లా, అంటే దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వారికి ఔరంగాబాద్ ధర్మాసనం. కిన్వట్ వారు దగ్గరని ఆదిలాబాద్ వకీలుతో తెలంగాణ హైకోర్టుకు వెళ్తే కాలం వృథా. పని జరిగిన చోటును బట్టే కోర్టు, మీ బంధువులున్న చోటును బట్టి కాదు.

ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల అధికారులూ తిరిగే కోటియా పల్లెల్లో ఇది చిక్కు ప్రశ్న. అక్కడ ముందు తేల్చాల్సింది చర్య తీసుకున్న ఉద్యోగి ఏ రాష్ట్రం వాడన్నది. ఉత్తర్వు కాగితం మీద ముద్ర చూడండి. అనుమానముంటే రెండు రాష్ట్రాలనూ ప్రతివాదులుగా చేర్చమనండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

పత్రికలో వార్త వేయించి కేసు వేయకపోవడం: గడువు ఆగదు. వార్త క్లిప్పింగు జతచేసి ఫిర్యాదు ఇవ్వండి.

ఒకే పిటిషన్‌లో పదేళ్ల కోపం: ఒక ఘటన, ఒక హక్కు, ఒక ఉపశమనం. మిగతావి నేపథ్యంలో రెండు పేరాలు.

తెలుగు పత్రాలు అలాగే దాఖలు చేయడం: అనువాదం లేకపోతే వాయిదాల మీద వాయిదాలు పడతాయి. అమ్మకం దస్తావేజులు, రశీదులు ముందే అనువదించి పెట్టుకోండి.

రాజీ కాగితం మీద సంతకం: స్టేషనులో ‘నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు’ అని రాయించుకుంటారు. ఇప్పటికే రాసి ఉంటే, ఏ పరిస్థితిలో రాశారో వివరిస్తూ వెంటనే ఎస్పీకి పంపండి.

11. వకీలు, ఖర్చు

మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోను 15100, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ. తెలుగు తెలిసిన వకీలు కావాలని దరఖాస్తులోనే రాయండి.

మొదటి భేటీకి తీసుకెళ్లాల్సినవి:

- తేదీలవారీ ఘటనల పట్టిక, ఒక్క పేజీలో.
- అర్జీల ముద్రపడిన ప్రతులు, పోస్టు రశీదులు.
- అధికారి పూర్తి పేరు, అప్పటి హోదా, ఇప్పుడున్న చోటు.
- ఉత్తర్వు లేదా నోటీసు. లేకపోతే ‘ఇవ్వలేదు’ అని చెప్పే సమాచార హక్కు జవాబు.
- అసలు ఫోను, ఆసుపత్రి చీటీలు.
- నష్టం లెక్క, బిల్లులతో.
- మూడో అంశంలోని గడువుల్లో మీకు వర్తించేవి, చివరి తేదీలు ఎర్ర సిరాతో.